బంధమునకు చాలినంత తీపి

విడివిడిగా నుండు గింజలను ఒక్కటిగా నిలుపుట పాకశాస్త్రమునందు మిక్కిలి ప్రాచీనమైన సమస్య. అన్నము వండినచో దాని జిగియే దానిని కలుపును. పిండిని నీటితో తడిపినచో అది తనంత తానే ముద్దయగును. కాని వేచిన వేరుశనగ పప్పును, దోరగా వేగిన నువ్వులను, పేలిన జొన్నలను, పొడిపొడిగా నున్న ఓట్సును ఒకచోట రాశిగా పోసి, అవి బడికి పోవు పిల్లవాని జేబులో రాలిపోక, ప్రయాణికుని సంచిలో చెదరిపోక, చేతికి ఒక ముక్కగా అందవలెనన్నచో, వాని నడుమ ఏదో యొక ద్రవ్యము చేరి పట్టి యుంచవలెను. మన పూర్వులు ఆ పనికి బెల్లమును నియోగించిరి. పాశ్చాత్యులు తేనెను, చక్కెర పాకమును నియోగించిరి. నేడు పట్టణములందలి దుకాణములలో మెరయు కాగితములు చుట్టి గ్రనోలా బార్లను పేర అమ్ముచున్న చిరుతిండిని చూచినపుడెల్ల నాకు ఈ బంధమును గూర్చిన ఆలోచనయే మొదట కలుగును. ఇందలి తీపిలో గింజలను పట్టి యుంచుటకు కావలసినదెంత, నాలుకను పట్టి యుంచుటకు చేర్చినదెంత? ఈ రెండింటికిని నడుమ నున్న దూరమే ఆరోగ్యమునకును, ఆరోగ్యము పేరిట సాగు వ్యాపారమునకును నడుమ నున్న దూరమని నా దృఢమైన అభిప్రాయము. ఆ దూరమును తన చేతితో కొలిచి, తన ఇష్టము చొప్పున తగ్గించుకొనగలిగిన స్వాతంత్ర్యము ఇంట వండుకొనువారికే కలదు.

ఈ తిండి పుట్టుక ఒక వైద్యాలయమున జరిగినది. 1863 ప్రాంతమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, డాన్స్‌విల్ అను ఊరిలో జలచికిత్సాలయమును నడపుచుండిన జేమ్స్ కేలబ్ జాక్సన్ అను వైద్యుడు, పొట్టుతీయని గోధుమపిండిని నీటితో కలిపి, పలుచని రేకులుగా కాల్చి, ముక్కలుగా విరిచి, మరల కాల్చి, తన రోగులకు ప్రాతఃకాలాహారముగా పెట్టెను. అది ఎంత గట్టిదనగా, రాత్రియంతయు పాలలోనో నీటిలోనో నానబెట్టినగాని నమలుటకు వీలుకాకుండెడిది. కొంతకాలమునకు మిచిగన్ రాష్ట్రమునందలి బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమమున జాన్ హార్వీ కెల్లాగ్ అటువంటి ఆహారమునే గోధుమ, ఓట్సు, మొక్కజొన్న పిండులతో చేయించి, జాక్సన్ పెట్టిన పేరునే మొదట వాడి, అభ్యంతరము రాగా దానిని కొంచెము మార్చి గ్రనోలా యనెను. ఆహారమే ఔషధమని నమ్మిన ఆ కాలపు సంస్కర్తల సంయమము ఆ గట్టి తునుకలలో నుండెను. తరువాత కొన్ని దశాబ్దములు మరుగునపడి, 1960 దశకమున, యంత్రనాగరికత యెడల విసుగుచెందిన యువతరము చేతిలో అది ఈమారు ఓట్సుతో, తేనెతో, నూనెతో, ఎండుఫలములతో పునర్జన్మమెత్తెను. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవమునకు వచ్చి ఆకలిగొన్న జనసమూహమునకు దీనినే పంచిపెట్టిరి. 1975లో జనరల్ మిల్స్ సంస్థ నేచర్ వ్యాలీ అను పేర దానిని పట్టీలుగా చేసి అమ్మనారంభించెను. ఈ చరిత్రలో నేను గమనించునది ఒక్కటి. గిన్నెలో పాలతో నున్నంతకాలము గ్రనోలాకు తీపి రుచికొరకు మాత్రమే. వేసినను మానినను జరుగును. అది గిన్నెను విడిచి చేతిలోనికి, చేతినుండి సంచిలోనికి ప్రయాణము కట్టిన నాటినుండి తీపి మానరానిదయ్యెను. బంధించు పనిని నెపముగా చేసికొని లోనికి వచ్చిన తీపి, ఆ పనికి మించి విస్తరించి, కొన్ని బార్లలో గింజలకంటె ముందు వరుసలో నిలిచెను.

మన దేశమునకు ఈ విద్య కొత్తది కాదు. తెలంగాణమందలి పల్లీపట్టి, కోస్తా జిల్లాలలోని వేరుశనగ అచ్చు, రాయలసీమలోని బొరుగుల ఉండ, సంక్రాంతినాటి నువ్వులుండ ఇవన్నియు పాకముతో కట్టినవే. పొరుగున తమిళనాట కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. పుణె నుండి ముంబయికి పోవు దారిలో లోనావాలా చిక్కీని కొననివారు అరుదు. కాని వీనియన్నింటికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చిమ్మిలి. నాగులచవితినాడు పుట్టయొద్దకు కొనిపోవు ఆ నైవేద్యమునకు పొయ్యి అక్కరలేదు, పాకము అక్కరలేదు. నువ్వులను బెల్లముతో కలిపి రోటిలో దంచుచుండగా, మొదట పొడిగా నున్నది క్రమముగా నల్లబడి, మెత్తబడి, రోకలి దెబ్బకు నువ్వులలోని నూనె వెలికి వచ్చి, బెల్లపు పొడిని తడిపి, పిడికిట పట్టినంతనే ఉండకు వచ్చును. నిప్పుతో చేయవలసిన బంధమును అక్కడ నూనెయే చేయుచున్నది. సున్నుండకు నేయి చేయుపని అదియే. కావున గింజలను కలుపుటకు తీపి యొక్కటియే గతియనుట సత్యము కాదు. కొవ్వు కలుపును, మెత్తని పిండి కలుపును, గట్టిగా నొక్కిన చేయి కలుపును. ఈ మూడింటిని ఎంత బాగుగా పనిలోనికి దించుకొందుమో అంత బెల్లము తగ్గించుకొనవచ్చును.

పాకమును గూర్చి చెప్పక ముందునకు పోజాలను. మా మేనత్త పాకము పట్టుచుండగా ప్రక్కన నిలిచి చూచుట నాకు లభించిన గొప్ప విద్యలలో నొకటి. ఆమె అనకాపల్లి అచ్చుబెల్లమును చాకుతో తరిగి, అది మునుగునంత నీరైన పోయక, అడుగు తడియునంత మాత్రమే పోసి, సన్నని సెగపై కరగనిచ్చెడిది. కరగినంతనే దింపి, పలుచని గుడ్డలో వడగట్టి, అడుగున మిగిలిన ఇసుకను, చెరకు పీచును పారబోసి, మరల మందపాటి మూకుడులో పొయ్యిమీద నుంచెడిది. అప్పటినుండి ఆమె కన్ను మూకుడును వదలెడిది కాదు. మొదట పెద్ద పెద్ద బుడగలు తెప్పతెప్పలుగా లేచి త్వరత్వరగా చిట్లిపోవును; క్రమముగా అవి చిన్నవై, చిక్కనై, పైకి వచ్చుటకు బద్ధకించును; రంగు తేనెవన్నెనుండి ముదురు ఎరుపునకు తిరుగును; పచ్చిబెల్లపు వాసన పోయి, మరియొక వెచ్చని వాసన పుట్టును. ప్రక్కన చిన్న కంచుగిన్నెలో చన్నీళ్లు సిద్ధముగా నుండును. గరిటె కొననుండి ఒక చుక్క ఆ నీటిలో వేసి, వ్రేళ్లతో దగ్గరకు తీయగా, అది కరగిపోయినచో ఇంకను లేతపాకము. మెత్తని ముద్దగా చేరి వ్రేళ్ల నడుమ నలిగినచో ఉండపాకము. గట్టిపడి, కంచుగిన్నె అంచునకు విసరినపుడు ఖంగుమని మ్రోగినచో ముదురు పాకము. తొందరపడి నేను గరిటె అందుకొనబోగా ఆమె, "ఇంకా నీరుందిరా, దింపకు. చప్పుడు రానీ" అనెడిది. ఆ చప్పుడు వచ్చినంతనే వేచిన పప్పును దానిలో పోసి, రెండు మారులు కలిపి, నేయి రాసిన పళ్లెములోనికి ఒంపి, గిన్నె అడుగుతో చదునుచేసి, వేడి తగ్గకమునుపే చాకుతో గీతలు గీసెడిది. గీతలు గీయుటకు ఆమె తీసికొను సమయము బహు స్వల్పము. ఆలస్యమైనచో పట్టి గాజువలె పగులును.

ఆ చప్పుడునకు కారణమేమో తరువాత చదివి తెలిసికొంటిని. పాకము మరగుచున్నకొలది నీరు ఆవిరియై పోవును. నీరు తగ్గినకొలది పాకము మరగు ఉష్ణోగ్రత పెరుగును. దాదాపు 115 డిగ్రీల సెల్సియస్ వద్ద అందు ఇంకను నూటికి సుమారు 15 పాళ్లు నీరుండును, అది ఉండపాకము. 150 డిగ్రీలకు చేరునప్పటికి నీరు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే మిగులును. అట్టి పాకము చల్లారినపుడు స్ఫటికములు కట్టక, పారదర్శకమైన గాజు స్థితిని పొందును. కావుననే అది మ్రోగును, కావుననే విరుగును. బెల్లమునందు సహజముగా నుండు గ్లూకోజు, ఫ్రక్టోజు ఆ స్ఫటికములు కట్టకుండ అడ్డుపడుటకు తోడగును. ఉష్ణమాపకము లేని ఇంట నీటిచుక్కయు, చెవియు ఉష్ణమాపకములై, ఇంచుమించు అంత ఖచ్చితముగనే పనిచేసినవని తలచినపుడు ఆ పాత స్త్రీల యెడల నాకు కలుగు గౌరవము మాటలకు అందదు. వారిలో అనేకులకు అక్షరములు రాకపోవచ్చును. ద్రవ్యముల స్వభావమును చదువుట వారికి వచ్చును.

ఇప్పుడు గ్రనోలా బారును ఇంట చేయు విధమునకు వత్తును. నేను నమ్మిన కొలత ఇది. ఓట్సు 150 గ్రాములు, వేరుశనగ పప్పు 100 గ్రాములు, నువ్వులు 25, గుమ్మడి గింజలు 25, గింజతీసిన ఖర్జూరము 100, బెల్లము 75, పెద్ద చెంచాడు నేయి, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు. వీనిని 16 ముక్కలుగా కోసినచో ఒక్కొక్కటి సుమారు 30 గ్రాములు తూగును. ఒక ముక్కకు వచ్చు బెల్లము 5 గ్రాములకు లోపే. సమభాగముగా బెల్లము వేసిన పల్లీపట్టిలో అంతే తూకముగల ముక్కలో 15 గ్రాములుండును. ఖర్జూరము తీపి కాదా యని అడుగువారికి, అవును, తీపియే, అందు మూడింట రెండు వంతులు చక్కెరయే యని నిష్కపటముగా చెప్పవలెను. దానిని కలిపికొన్నను ముక్కకు 9 గ్రాములకు మించదు, పైగా ఖర్జూరమునందలి పీచు దానితో కూడ వచ్చును.

ఓట్సును, పప్పును, నువ్వులను వేరువేరుగా వేచవలెను. ఈ ఒక్క నియమమును పాటించనివారు మిగిలినవన్నియు పాటించినను ప్రయోజనము లేదు. ఏలయన నువ్వులు చిటపటలాడి ముగియు కాలమునకు పప్పు నడుమ పచ్చిగనే యుండును, పప్పు వేగువరకు నిలిపినచో నువ్వులు మాడి చేదెక్కును. సన్నని సెగపై, గరిటె ఆపక, ఓట్సు వేళ్ల నడుమ పెళపెళలాడి పొడియగునంతవరకు వేచవలెను. పప్పును వేచి, చల్లార్చి, అరచేతులతో నలిపి, పొట్టును చేటతో చెరిగి వేయవలెను. దోరగా వేగిన గింజకు స్వతఃసిద్ధముగనే ఒక మాధుర్యము కలుగును; ఆ మాధుర్యమును ఉపేక్షించి, పచ్చివాసన పోని గింజలమీద బెల్లమును కుమ్మరించుట సోమరితనము. ఇక ఇక్కడ చిమ్మిలి నేర్పిన పాఠమును ప్రయోగింపవలెను. వేచిన పప్పులో సగమును మిక్సీలో వేసి తిప్పగా, మొదట పొడి, పిమ్మట ముద్ద, తుదకు నూనె తేలిన మెత్తని గుజ్జగును. ఓట్సులో నాలుగవ వంతును పిండిగా తిప్పవలెను. ఖర్జూరము గట్టిగా నున్నచో వేడినీటిలో కొంతసేపు నానబెట్టి, నీరు పిండి, మెత్తగా నూరవలెను. గుజ్జు అతుకును, పిండి గింజల నడుమ ఖాళీలను పూడ్చును, ఖర్జూరము పట్టును. ఇక బెల్లమునకు మిగులు పని మిక్కిలి స్వల్పము. దానిని రెండు చెంచాల నీటితో కరగించి, వడగట్టి, ఉండపాకము వరకు మాత్రమే రానిచ్చి, నేయి కలిపి దింపి, గుజ్జును, ఖర్జూరమును అందులో కలిపి, పిమ్మట పొడి ద్రవ్యములన్నియు వేసి, ప్రతి గింజకును తడి అంటునట్లు త్వరగా కలుపవలెను.

నొక్కుట యందే సగము విద్య ఉన్నది. పళ్లెమునందు నేయి రాసిన కాగితమును పరచి, మిశ్రమమును పోసి, దానిపై మరియొక కాగితమును కప్పి, సమతలమైన గిన్నె అడుగుతో మొదట అంచులు, పిమ్మట మధ్యభాగము, మరల అంచులు, శరీరభారమంతయు చేతులమీదికి తెచ్చి నొక్కవలెను. మెత్తగా చదును చేసి వదలినచో లోపల గాలి నిలిచిపోవును. కోయునపుడు అంచులు రాలును. రాలినది చూచి గృహిణి మరుసటిమారు బెల్లము హెచ్చించును. ఈ విధముగా చేతి నిర్లక్ష్యము తీపియై తిండిలోనికి ప్రవేశించును. గట్టిగా నొక్కి, వెచ్చగా నున్నప్పుడే గీతలు గీసి, తరువాత పూర్తిగా చల్లారువరకు, గంటకు తక్కువ కాకుండ, దాని జోలికి పోకుండినచో, నేను చెప్పిన కొద్ది బెల్లముతోనే ముక్క నిలుచును. అది దుకాణపు బారువలె ఫెళ్లున విరుగదు. మెత్తగా, నమలుటకు అనువుగా నుండును. పండ్లు కదలిన వృద్ధులకు అదియే మేలు.

ఓట్సు మన నేల పంట కాదని కొందరు దానిని ముట్టరు. ఆ పట్టుదలను నేను గౌరవింతును గాని, దానిని విధిగా భావింపను. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల అలమరలలో ఓట్సు డబ్బా ఎల్లప్పుడు నుండును. అక్కడివారు భారతీయ దుకాణమునుండి బెల్లపు అచ్చు కొనితెచ్చి ఈ రెండింటిని కలుపుకొన్నచో, జాక్సన్ వైద్యుని ప్రాతఃకాలాహారమును మా మేనత్త పాకమును ఒకే పళ్లెమున కలిసికొన్నట్లగును. ఇక్కడివారికి మందపాటి అటుకులున్నవి, జొన్న పేలాలున్నవి, రాగులున్నవి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించుటకు ఎంతో పూర్వమే, తొలి ఏకాదశినాడు జొన్న పేలాలను విసరి బెల్లముతో కలిపి పేలపిండిగా తినుట తెలంగాణ గ్రామములలో ఆచారము. అయితే పేలాలతో పట్టి కట్టదలచినవారు ఒక విషయమును గుర్తింపవలెను. పేలిన గింజ లోపలనంతయు గాలిగదులే. ఖర్జూరపు తడి తగిలినచో ఒక పూటలో నీరు పీల్చుకొని మెత్తబడి సాగును. దానికి ముదురు పాకమే శరణ్యము. అటుకులను మాత్రము కరకరలాడునట్లు వేచినచో, ఓట్సు స్థానమున నిరాటంకముగా వాడుకొనవచ్చును.

ఆరోగ్యమునకు మంచిదా యను ప్రశ్నకు సత్యమైన సమాధానము చెప్పుట రచయిత ధర్మము. బెల్లము చక్కెరకు భిన్నమైన దివ్యపదార్థమని ప్రచారము చేయువారున్నారు. బెల్లమున ఇనుము, పొటాషియము మొదలైన ఖనిజములు కొన్ని కలవు. కాని ఒక ముక్కలో చేరు 5 గ్రాముల బెల్లముతో అందునవి లెక్కకు రానంత స్వల్పము. అందు అధికభాగము చక్కెరయే. తేనెయును అట్టిదే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చేర్చిన చక్కెరలను, తేనె, పాకములు, పండ్లరసములందలి చక్కెరలను కలిపి, దినమున తీసికొను శక్తిలో నూటికి 10 పాళ్లకు లోబరచవలెననియు, 5 పాళ్లకు దించినచో మరింత మేలనియు సూచించినది. 2000 కేలరీల ఆహారమునకు అది 50 గ్రాములు, 25 గ్రాములు అగును. బెల్లమును ఆ లెక్కనుండి తప్పించుటకు వీలులేదు. మధుమేహము గలవారు ఈ ముక్కను కూడ లెక్కించుకొనియే తినవలెను. ఓట్సునందలి బీటా గ్లూకాన్ అను పీచు రక్తమునందలి కొలెస్టరాలును తగ్గించుననుట నిజమే. 1997లో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ సంస్థ ఆ మాటను పొట్లములపై ముద్రించుటకు అనుమతించినది. కాని ఆ ఫలమునకు దినమునకు 3 గ్రాముల బీటా గ్లూకాన్, అనగా దాదాపు 75 గ్రాముల ఓట్సు కావలెను. మన ముక్కలో నున్నవి 9 గ్రాములు. 1918లో కూనూరున చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలను తిరుగవేసినచో, నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించియు, నువ్వులలో 1000కి మించియు కాల్షియము కానవచ్చును. ఆ సంఖ్యలను చూచి ఉప్పొంగి, ఒక ముక్కకు వచ్చు ఒకటిన్నర గ్రాముల నువ్వులతో ఎముకలు వజ్రములగునని తలపరాదు.

అయినచో దీని మేలు ఎందున్నది? సాయంకాలము బడినుండి ఆకలితో వచ్చిన పిల్లవానికి ఇది మైదా బిస్కత్తు స్థానమున లభించును. వేరుశనగయందు దాదాపు నాలుగవ వంతు మాంసకృత్తులును, సగమునకు సమీపముగా నూనెయు నుండుటచేత ఆకలి చాలసేపు అణగును. నమలుటకు కాలము పట్టును గనుక ఒక ముక్కతో తృప్తి కలుగును. అంతకుమించి నేను దీనికి మహిమలు కట్టబెట్టను. ఆహారము ఔషధమని జాక్సన్, కెల్లాగ్ వంటివారు నమ్మిన నమ్మకమునందు గొప్ప చిత్తశుద్ధి ఉన్నది. కాని ఆ నమ్మకమును ఆసరాగా గొని, చక్కెర ముద్దకు నాలుగు గింజలద్ది, పొట్లముపై ఆకుపచ్చని కొండను ముద్రించి అమ్ముట ఆ చిత్తశుద్ధికి అపచారము. పొట్లము వెనుకనున్న చిన్న అక్షరములను చదువుట ప్రతివారును అలవరచుకొనదగిన పని. అక్కడ ద్రవ్యములు తూకమున హెచ్చునుండి తగ్గునకు వరుసగా నుండును. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, గోధుమరంగు చక్కెర యని తీపి నాలుగు పేర్లతో నాలుగు చోట్ల చెదరి యున్నచో, వానిని మనస్సులో ఒకచోట చేర్చి చూడవలెను. తయారీదారులందరును దుర్మార్గులని నా భావము కాదు. వారి బారు యంత్రముల నోట పడి, లారీలలో కుదిలి, గిడ్డంగులలో వేసవిని గడిపి, నెలల తరబడి చెక్కుచెదరక నుండవలెను. అంతటి మన్నికకు అంత తీపి, అన్ని ద్రవ్యములు వారికి అవసరమగుచున్నవి. మన ముక్క వంటగదినుండి బడివరకు పోయి వచ్చిన చాలును.

మన్నికను గూర్చి చెప్పునపుడు వేరుశనగను గూర్చి ఒక హెచ్చరిక చేయకుండుట తప్పగును. 1960లో ఇంగ్లండున టర్కీకోళ్లు వేలకొలదిగా చనిపోగా, వానికి మేతగా పెట్టిన వేరుశనగ పిండిలోని బూజు విషమే కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానినే నేడు అఫ్లాటాక్సిన్ అందురు. తడి ఆరని కాయలలో, చెమ్మ తగిలిన గోతాములలో ఆ బూజు పెరుగును. వేచినంతమాత్రమున ఆ విషము పూర్తిగా నశింపదు. దీర్ఘకాలమున కాలేయమునకు హాని చేయును. అనంతపురము జిల్లా మొదలుకొని మన మెట్టభూములలో వేరుశనగయే బ్రతుకుతెరువైన రైతులెందరో ఉన్నారు. పఠాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ విషమును పొలముననే అరికట్టుటకు చిరకాలముగా కృషిచేయుచున్నారు. వంటింటి వంతు మాత్రము మిగిలియే ఉన్నది. పప్పును పళ్లెములో పరచి, ముడుతపడినవానిని, రంగుమారినవానిని, పచ్చబూజు సోకినవానిని ఏరి పారవేయవలెను. తినునపుడు చేదు తగిలినచో మ్రింగక ఉమియవలెను. చేసిన ముక్కలను గాలి చొరని డబ్బాలో నుంచినచో పది పదునైదు దినములు బాగుండును. వానకాలమున ఇంకను త్వరగా వాడవలెను. నూనె ముక్కవాసన వచ్చినచో పారవేయుటకు సంకోచింపరాదు. బెల్లమునకు మారుగా తేనె వాడినచో, దానిని ఏడాది నిండని శిశువునకు పెట్టరాదు. పసిపిల్లలకు గింజలు గొంతున అడ్డుపడకుండ మెత్తగా పొడిచేసినది మాత్రమే ఈయవలెను.

ఈ వ్యాసమును చదివి పొయ్యి ముట్టించువారికి ఒక విన్నపము. మొదటిమారు నేను చెప్పిన కొలత చొప్పుననే చేయుడు. రెండవమారు బెల్లమును 60 గ్రాములకు తగ్గించి, పప్పు గుజ్జును కొంచెము హెచ్చించి, మరింత గట్టిగా నొక్కి చూడుడు. ముక్క నిలిచినచో ఇంకను తగ్గింపుడు. ఎక్కడ తగ్గించినపుడు అది చేతిలో చెదరిపోవునో, దానికి ఒక చెంచా పైన మీ ఇంటి కొలత. ఆ కొలతను వంటగది తలుపు లోపలివైపు వ్రాసి అంటింపుడు. చెదరిన పళ్లెమును పారవేయవలదు. దానిని మరునాటి ఉదయము పెరుగులోనో పాలలోనో వేసికొని తినవచ్చును.